మేజోళ్లలో నల్ల నలకలు

ఇరవై రెండేళ్లుగా ఈ జట్టు బట్టలు ఉతుకుతున్నాను.
ఒక్క ఆటా చివరిదాకా చూడలేదు.
చూసే పనేముంది,
మేజోడు తిరగేసి దులిపితే తెలిసిపోదూ
ఎవడు ఎంతసేపు పరుగెత్తాడో.
మా మైదానం మట్టిది కాదు. ఈ ఫారో వానలకి గడ్డి నిలవదని
ప్లాస్టిక్ పచ్చిక పరిచి, మధ్యలో రబ్బరు నలకలు చల్లారు.
తొంభై నిమిషాలు ఆడినవాడి మేజోళ్లలో గుప్పెడు.
బెంచీ మీద కూర్చున్నవాడివి ఖాళీ.

మునుపు లెక్క పద్నాలుగు.
పదకొండుగురు మొదట్నుంచీ, ముగ్గురు మధ్యలోంచి.
మిగతా చొక్కాలు మడత నలగకుండా తిరిగొచ్చేవి,
వాన వాసనే తప్ప మనిషి వాసన లేకుండా.
వాటినీ మిషన్లో పడేసేదాన్ని.
ఉతక్కుండా ఇస్తే
నువ్వాడలేదురా అని ఆ కుర్రాడికి
నేను కూడా చెప్పినట్టవుతుంది.

ఇప్పుడు అయిదుగురిని మార్చుకోవచ్చట.
మంచిదేగా, అన్నాను కోచ్ హైనితో.
"అయిదుగురు ఉండాలిగా మార్యున్" అన్నాడు,
వల లాగితే నీళ్లే వచ్చినవాడిలా.

ఒకటి మాత్రం నిజం, తల్లులు ఆటకి వస్తున్నారు.
మావాణ్ణి ఎలాగూ దింపరని ఇంట్లో కూర్చునేవాళ్లు
ఇప్పుడు డెబ్బయ్యో నిమిషానికి కారు తెచ్చి గట్టున ఆపి,
వైపర్లు ఆడిస్తూ
అంకెల బోర్డు వైపే చూస్తుంటారు.

రాజధాని జట్టు వచ్చిన ఆదివారం
కిటికీలోంచి నేనూ కాసేపు చూశాను.
గంటదాకా ఒకటికి ఒకటి.
అప్పుడు వాళ్లవైపు ముగ్గురు లేచారు ఒక్కసారే,
ఒంటిమీద ఇస్త్రీ వేడి ఇంకా ఆరనట్టున్నారు.
కాసేపటికి మరో ఇద్దరు.
సగం జట్టు కొత్తది. మావాళ్ల కాళ్లు మాత్రం
తెల్లారి నాలుగింటికి సాల్మన్ చేపలకి మేత వేసొచ్చినవి.
మా బెంచీ మీద ఎవరున్నారు?
మోకాలికి పట్టీ కట్టుకున్న ఎయ్డున్,
పెళ్లివిందు నుంచి నేరుగా వచ్చిన అన్నదమ్ములిద్దరు,
పదహారేళ్ల తూరి,
రెండో గోలీ.
హైని అందర్నీ దింపేశాడు. గోలీని కూడా, ఫార్వర్డుగా!
ఎవరిదో పాత చొక్కా తొడిగి
వీపు మీద టేపుతో అంకె అంటించి.
నాలుగు, ఒకటి.

వాళ్లకంటే ముందే, యాభై ఎనిమిదో నిమిషంలో
బోర్డు మీద ఎర్రగా మా ఎనిమిది వెలిగింది.
రెగ్వి. ముప్ఫై ఏడేళ్లవాడు.
ముగ్గురి కాలంలో అతన్ని తీసే ధైర్యం ఎవరికీ లేదు,
తీశాక ఇంకెవడి కాలో మెలిపడితే ఎవర్ని పంపాలి?
అప్పట్లో అతని చొక్కా ఆరితే ఉప్పు గీత నడుందాకా దిగేది,
పోటు తీశాక రాళ్లమీద మిగిలినట్టు.
ఇప్పుడది ఛాతీ దగ్గరే ఆగిపోతోంది.
"నడుం నొప్పి లేదు, రాత్రిళ్లు నిద్ర పడుతోంది" అంటాడు,
ఎవరో అడిగినట్టు.
సోమవారం వచ్చి మిషన్ ముందు కూర్చున్నాడు,
గాజు తలుపులోంచి తన చొక్కా తిరగడం చూస్తూ.
ఓడిన సంగతి ఒక్క మాట లేదు.
"ఆ పిల్లాడు బాగా పరుగెత్తాడు కదూ" అన్నాడు చాలాసేపటికి.
నేను చూడలేదన్నాను.

తూరి ఆ ముందు రాత్రే తన మూట తనే తెచ్చిచ్చాడు.
పదకొండు నిమిషాలు.
దులిపితే అరచేతిలో ఏడు నలకలు.
"అవి పారేస్తావా?" అన్నాడు.
మరేం చేస్తార్రా, ఫిల్టరుకి అడ్డం పడతాయి, అన్నాను.
వేలికి అంటిన ఒకటి వాడు జేబులో వేసుకుంటుంటే
సబ్బు డబ్బా కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

చొక్కాలు పదహారు. దండెం మీద చోటు చాలక
రెండేసి కలిపి ఒకే క్లిప్పు పెట్టాను.
సంఘం పద్దులో సబ్బుపొడి ఇంకో పాకెట్టు రాస్తే
ఎందుకని అడిగారు.
రూలు మార్చినవాళ్లనే అడగమన్నాను.